రొప్పంలో కుక్కకు చెప్పిన మాట

ఆ పొద్దున మా చిన్నమామ కాళ్లకు కిరసనాయిలు పూసుకొని పంచాయితీకి వచ్చాడు. అరికాళ్ల నుంచి మోకాళ్ల దాకా దట్టంగా పట్టించి, దాని మీద పంచె దించుకున్నాడు. గాలి కాస్త ఇటు తిరిగితే చాలు, కంపు గుప్పుమనేది. ఎందుకు పూసుకున్నాడో అక్కడున్న అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అడగలేదు. కుక్క తన దగ్గరికి రాకూడదని పూసుకున్నాడు.

ఇంకెప్పుడైనా అయితే కొంగు నోట్లో కుక్కుకొని నవ్వేదాన్ని. చిన్నమామ అంటే మా ఆయనకు చిన్నాన్న. మా మామ చనిపోయాక ఆ ఇంటికి మగదిక్కు తానేనని మీసం తిప్పే మనిషి. అలాంటివాడు ఒక ముసలి కుక్కకు జడిసి, బుడ్డిలో పోయాల్సిన నూనె కాళ్లకు పోసుకొని రావడం నవ్వొచ్చే సంగతే. కానీ ఆ రోజు నాకు నవ్వు కాదు గదా, ఊపిరే సరిగ్గా ఆడలేదు. నా ఒళ్లో ఇంకా పాకడం రాని ఆడబిడ్డ ఉంది. ఎండ నెత్తి మీదికి వచ్చే లోపల ఆ బిడ్డ నా దగ్గర ఉంటుందో, మా అత్త చేతికి పోతుందో తేలిపోతుంది.

మా అత్తగారి ఊరు తనకల్లు పక్కన ఒక మెట్ట పల్లె. అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్త. పైసలు వచ్చాయి గానీ వాన రాలేదు. విత్తిన శనక్కాయ భూమిలోనే మాడిపోయింది. బావుల్లో బిందె మునగడానికి కూడా నీళ్లు చాలక, పొద్దు పొడవక ముందే ఆడవాళ్లు వరసగా నిలబడేవాళ్లు. ఇళ్లలో గింజలు తగ్గినకొద్దీ తగాదాలు పెరిగాయి. ఆ తగాదాలు తీర్చేది గొర్రెల మందలున్న ఒక పెద్దాయన. ఆయన చదువుకోలేదు, సర్పంచీ కాదు. అయినా మొగుడూ పెళ్లాలు కొట్టుకున్నా, అన్నదమ్ములు విడిపోయినా, కులం మతం చూడకుండా అందరూ ఆయన దగ్గరికే పోయేవాళ్లు.

ఆయన పంచాయితీ పెట్టే తీరే వేరు. మా వైపు గొర్రెల ఎరువు కోసం రైతులు మందను తమ చేలల్లో కట్టించుకుంటారు. చుట్టూ ముళ్లకంప వేసి కట్టిన ఆ దొడ్డిని రొప్పం అంటారు. పొద్దున గొర్రెలు మేతకు పోయాక రొప్పం ఖాళీగా ఉంటుంది. పంచాయితీ అక్కడే. ఎవరి అరుగు మీద కూర్చుంటే వాళ్ల మాటకు బలమెక్కుతుందనీ, గుడి దగ్గరంటే కొందరు రారు, చర్చి దగ్గరంటే కొందరు రారనీ, గొర్రె పెంటికల మీద అందరూ ఒకటేననీ అనేవాడు. నిజమే, ఎంత పెద్దమనిషైనా లేచేటప్పుడు వెనక దులుపుకోవాల్సిందే. ఆయన మాత్రం చేతిలో కదురు తిప్పుతూ, ఉన్ని వడుకుతూ కూర్చునేవాడు. మాట్లాడేవాళ్ల మొహం చూసేవాడు కాదు.

ఆయన పక్కన ఒక ముసలి కుక్క. ఏళ్ల తరబడి మందకు కాపలా తిరిగి కాళ్లు అరిగిపోయాయి. ఒక చెవి తోడేలు నోట్లో పోయింది. మెడకు ఒకప్పుడు మేకుల పట్టీ ఉండేదట, ఆ చోట మళ్లీ వెంట్రుక మొలవలేదు. మందతో నడవలేక రొప్పంలోనే పడి ఉండేది. పంచాయితీ మొదలయ్యాక మెల్లగా లేచి, అందరినీ ఒకసారి వాసన చూసి, ఎవరో ఒకరి కాళ్ల దగ్గర పడుకునేది.

ఒకసారి గొర్రెపిల్ల పోయిన తగాదాలో అది ఒకాయన కాళ్ల మీద తల పెట్టి పడుకుందట. ఆయన కాసేపు బిగబట్టుకొని కూర్చుని, చివరికి బోరుమని ఏడ్చి, నేనే కోసుకొని తిన్నానని ఒప్పుకున్నాడట. అంతే, ఊరూరా పాకింది. కుక్క ఎవరి దగ్గర పడుకుంటే తప్పు వాళ్లదే. పెద్దాయన తీర్పు చెప్పక ముందే జనం కుక్కను చూసి తీర్పు చెప్పుకునేవాళ్లు. అది దగ్గరికి రాకుండా కొందరు వేపనూనె పూసుకునేవాళ్లు, కొందరు పొగాకు నీళ్లు చల్లుకునేవాళ్లు. ఇదేంది సామీ అని ఎవరైనా పెద్దాయన్ని అడిగితే, "నమ్మనీలేప్పా, దాని ముందర అబద్ధం చెప్పేదానికి జంకుతాండారు కదా, మనకేం నష్టం?" అనేవాడట.

ఇక నా సంగతి. నాకు మొదట మగపిల్లాడు పుట్టాడు. ఎండాకాలంలో విరేచనాలు పట్టుకొని పోయాడు. ఎవరడిగినా అంతవరకే చెప్పేదాన్ని. మళ్లీ ఈ బిడ్డ పుట్టింది. పుట్టిన రోజు నుంచి నాకు ఒకటే దడ. నిద్రపోతున్న బిడ్డ ముక్కు కింద వేలు పెట్టి చూసుకునేదాన్ని. గాలి తగిలితే సరే, తగలకపోతే నా గుండె ఆగిపోయేది. బిడ్డను ఎవరి చేతికీ ఇచ్చేదాన్ని కాదు. పాత చీరతో కడుపుకు కట్టుకొనే సంకటి గెలికేదాన్ని, కట్టుకొనే ఊడ్చేదాన్ని, కట్టుకొనే నీళ్లకు పోయేదాన్ని. వాకిట్లో మా అత్త అడుగుల చప్పుడు వినపడితే చాలు, నా చేతులు వాటంతట అవే బిడ్డ మీదికి పోయేవి. నాకు గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించారు. యాపమండలతో దిష్టి తీశారు. తాయెత్తుకు పోయే దడ అయితే ఎప్పుడో పోయేది.

ఒకనాడు బావి దగ్గర, బిడ్డను కట్టుకొనే చేద లాగుతున్నాను. నీళ్లు అడుగంటాయి కదా, చేద మునగాలని లోపలికి వంగాను. కాలు జారింది. మా అత్త వెనకనుంచి నా చీర పట్టుకొని ఇవతలికి లాగింది. అక్కడున్న ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. సాయంత్రానికల్లా నేను బిడ్డతో సహా బావిలో దూకబోయానని ఊరంతా అయిపోయింది. మా చిన్నమామకు అది చాలు. నన్ను పుట్టింటికి పంపాలి, బిడ్డను వాళ్లు ఉంచుకోవాలి. బిడ్డకు మేకపాలు పడతారట. మా అత్త కూడా బిడ్డ తనకు కావాలని పట్టుబట్టింది. కబురందుకొని మా నాయన తెల్లవారక ముందే బయలుదేరి నడిచి వచ్చాడు. రొప్పంలోకి అడుగు పెట్టే ముందు నా చెవిలో, "నోరు తెరిచి చెప్పుకో బిడ్డా. నువ్వు చెప్పకుంటే నేనేం చెప్పేది?" అన్నాడు.

ఎలా చెప్పాలి? మా ఇళ్లలో కోడలు అత్తింటి మగపెద్దల ముందర నోరు విప్పదు. చిన్నమామను భోజనానికి పిలవాలన్నా కట్టుకొయ్య దగ్గరున్న దూడను చూసి, "దూడా, సంకటి చల్లారిపోతాండాది" అనాలి. ఆయన విని వచ్చి కూర్చునేవాడు. అలాంటిది, ఊరి మగవాళ్లందరి ముందరా, మా అత్త ఎదురుగానే, ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్న మాట చెప్పాలి. దానికి తోడు ఆ కుక్క ఒకటి. అది నా దగ్గరికి వచ్చిందంటే నేను చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే.

"మొదలుపెట్టండప్పా," అన్నాడు పెద్దాయన, కదురు తిప్పుతూ.

చిన్నమామ గొంతు సవరించుకున్నాడు. "చెప్పేదానికేముండాది? ఊరంతా చూసినారు. బిడ్డను కట్టుకొని బావిలోకి వంగింది. మా వదిన పట్టుకోకుంటే ఆ పొద్దు రెండు పీనుగులు లేసేవి. ఈమెకు మతి చలించినాది. నిమ్మళమయ్యేదాకా పుట్టింట్లో ఉండనీ. బిడ్డ మా ఇంటి బిడ్డ, మేము సాక్కుంటాం."

మా నాయన చేతులు కట్టుకొని లేచాడు. "అన్నా, పాలు తాగే బిడ్డ. తల్లిని వేరు చేస్తే రెండు పానాలూ నిలబడవు."

"మేకపాలు లేవా?" అన్నాడు చిన్నమామ.

మా ఆయన ముళ్లకంప వైపు చూస్తూ కూర్చున్నాడు. నోట్లో నాలుక లేని మనిషి. తల్లికి ఎదురు చెప్పలేడు, నన్ను పొమ్మనీ అనలేడు. ఆ కంపలో ఏం కనపడిందో ఏమో గానీ, తల తిప్పితే ఒట్టు. ఆయన పోయి చాలా కాలమైంది, మంచివాడే, అయినా ఆ కూర్చున్న తీరు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. మా అత్త రెండు చేతులూ కొంగులో దాచుకొని, తల దించుకొని కూర్చుంది.

అప్పుడు కుక్క లేచింది. ముందుగా అది చిన్నమామ దగ్గరికి పోయి, పంచె అంచు వాసన చూసి, గట్టిగా తుమ్మి పక్కకు తిరిగింది. ఎవరో కిసుక్కుమన్నారు. మా ఆయన్ని దాటింది. మా అత్త దగ్గర నిలబడింది. ఆమె కాళ్లు వెనక్కి లాక్కుంది. "ఆడనే పండుకో తల్లీ, ఆడనే పండుకో" అని మనసులో మొక్కుకున్నాను. అది నిలబడి, నిలబడి, మళ్లీ కదిలింది. నా వైపే వస్తోంది. వద్దు, రావద్దు అని నా పెదాలు కదులుతున్నాయి. బిడ్డను పట్టుకున్న చేతులు వణికి వణికి, ఆ వణుకుకు బిడ్డ కూడా లేచి ఏడుపు అందుకుంది. కుక్క వచ్చి నా పాదాల మీద గడ్డం ఆనించి, ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, పడుకుంది.

"అయిపాయ!" చిన్నమామ తొడ చరిచాడు. "చూసినారు కదప్పా? ఇంగ మనం చెప్పేదేముండాది, కుక్కే చెప్పింది. లే వదినా, బిడ్డను తీసుకో."

జనం కూడా అవునవునన్నారు. మా అత్త లేచింది. నా వైపు వస్తోంది. ఒక చేత్తో బిడ్డను అదుముకున్నాను. రెండో చేతికి ఏదో ఒకటి పట్టుకోవాలి కదా, దొరికింది కుక్క మెడ. పట్టీ ఉండిన చోట, ఆ బోడిచర్మం. వెచ్చగా ఉంది. కింద నరం కొట్టుకుంటోంది, తొందరేమీ లేకుండా. అది కళ్లు పైకెత్తి నన్ను చూసి మళ్లీ మూసుకుంది. అబ్బా, దాని తల ఎంత బరువో! నా కాళ్లను నేలకు అదిమి కూర్చోబెట్టినట్టుంది. చేతి వణుకు తగ్గింది. అప్పుడు తట్టింది నాకు. ఇంట్లో దూడకు చెప్పే ఆడదానికి, ఇక్కడ కుక్కకు చెప్పడానికేం?

"చూడే," అన్నాను కుక్కతో. "నాకు మతి చలించల్యా. నాకు భయం. నా కొడుక్కు కడుపు జారిపోతాంటే, ఇనుము కాల్చి కడుపు మీద వాత పెట్టినారు. నేను నీళ్లకు పోయింటి. వచ్చేతలికి వాడు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి ఉండాడు. పొద్దు గూకేలోపల పాయ. ఇదన్నా నాకు మిగలాల. నేను నీళ్లకు పోతే మళ్లా యాడ వాత పెడతారో అని దీన్ని కట్టుకొని పోతాండా. దూకేదానికి కాదే, దాచుకునేదానికి."

"ఏమే! పెద్దోళ్ల ముందర ఏం మాటలివి?" చిన్నమామ లేచి నిలబడ్డాడు.

"నీకు చెప్పలేదప్పా ఆ పాప," అన్నాడు పెద్దాయన. "కుక్కకు చెప్పుకుంటాండాది. కోడలు మామతో మాట్లాడగూడదు గానీ కుక్కతో మాట్లాడగూడదని ఎవరన్నారు? గమ్మున కూచో."

చిన్నమామ కూర్చున్నాడు గానీ ఊరుకోలేదు. చొక్కా పైకెత్తి కడుపు చూపించాడు. బొడ్డు పక్కన పాత మచ్చ. "వాత పెట్టేది సంపేదానికా? బతికించుకునేదానికే కదా. నాకూ పెట్టినారు, బతకల్యా? మన తాతల కాలం నుంచీ ఉండేదే." అది నిజమే. ఆ రొప్పంలో ఉన్న మగవాళ్లలో చాలామందికి కడుపు మీద ఆ మచ్చ ఉంది, మా ఆయనకు కూడా. నా కొడుకు వాత వల్లే పోయాడో, విరేచనాల వల్లే పోయాడో నాకు ఇప్పటికీ తెలియదు. "అయినా కుక్క ఆమె కాడికే పోయింది," అన్నాడు చిన్నమామ. "తప్పు లేకుంటే యాల పోతాది?"

పెద్దాయన కదురు ఆపాడు. అది ఆగడం నేను చూడలేదు అంతవరకు.

"దానికి తప్పూ ఒప్పూ ఏం తెలుస్తాదప్పా? మంద పోతాంటే ఈనే గొర్రె వెనకబడిపోతాది. దాని పక్కన కూచుండేది ఇది. నేను తిరిగొచ్చేదాకా కదిలేది కాదు. వణికేదాన్ని చూస్తే దాని కాడికి పోతాది, అంతే. మీరు దానికి పోలీసుపని అంటగట్టినారు. నేనూ గమ్మునుంటి. నాది తప్పు."

కొందరు తలలూపారు. చాలామంది నమ్మలేదు, వాళ్ల మొహాలే చెప్పాయి. మా అత్త నా ముందర నిలబడే ఉంది. ఆమె ఏం చేస్తుందో తెలియక నేను కుక్క మెడ వదలలేదు. ఆమె చేతులు చాచలేదు. మెల్లగా కూలబడింది. నన్ను చూడలేదు, కుక్కనే చూసింది.

"ఆ చెయ్యి నాదేనే," అంది కుక్కతో. "ఆ వాత పెట్టిన చెయ్యి నాదే. నా కొడుకును అట్లే బతికించుకుంటి. వీడూ బతుకుతాడనుకొనే పెడితి. బతకల్యా. అందరూ దేవుడు తీసుకపోయినాడన్నారు. ఒగరన్నా నన్ను అడిగినారా? ఒగరన్నా తిట్టినారా? దీన్ని ఈ చేత్తో సాకి పెద్ద చేస్తే, ఆ పాపం కొంచమన్నా తీరుతాదేమోనని అడిగితి. అంతేనే." కొంగులోంచి చెయ్యి తీసి దాన్నే చూసుకుంది. ఆ చెయ్యి నా చెయ్యి వణికినట్టే వణుకుతోంది. "నాకొద్దు బిడ్డ. దాని కాడే ఉండనీ."

నాకు జాలి కలిగిందని రాస్తే అబద్ధమవుతుంది. నాకు కోపమే వచ్చింది. ఏడాదికి పైగా ఒకే కప్పు కింద ఉన్నాం, ఒకే పొయ్యి దగ్గర వండుకున్నాం, ఆ మాట ఇద్దరిలో ఎవరమూ ఎత్తలేదు. ఒక మాట ముందే అనకూడదా అని ఆమె మీద కోపం, నా మీద కోపం, ఇంకా ఆ కంప వైపే చూస్తున్న మా ఆయన మీద ఎక్కువ కోపం. పెద్దాయన ఎవరినీ అడగలేదు. "బిడ్డ తల్లి కాడే. ఇంగ ఆ ఇంట్లో ఎవరికీ వాత పెట్టొద్దు," అని మళ్లీ కదురు తీసుకున్నాడు. కుక్క మాత్రం లేవలేదు. నేను కాళ్లు లాక్కుందామంటే తిమ్మిరెక్కిపోయాయి. మా నాయన వచ్చి దాని తల ఎత్తి పక్కన పెట్టాల్సి వచ్చింది.

ఈమధ్య పట్నంలో మనసు బాగాలేనివాళ్లతో మాట్లాడించే డాక్టర్లు గదిలో ఒక కుక్కను కూర్చోబెట్టుకుంటున్నారని మా బంధువులమ్మాయి చెప్పింది. దానికి తర్ఫీదు కూడా ఇస్తారట. ఆ పిల్ల నాకేదో వింత చెబుతున్నట్టు కళ్లు పెద్దవి చేసి చెప్పింది. నాకేం వింత? మనిషి ముందర ఏడిస్తే ఊరుకో ఊరుకో అంటాడు, లేకపోతే తన కష్టం మొదలుపెడతాడు. కుక్క అనదు. మనిషి కళ్లలోకి చూస్తూ చెప్పలేని మాట దాని వీపు చూస్తూ చెప్పొచ్చు. చేతికి పట్టుకోవడానికి వెచ్చగా ఏదో ఒకటి ఉంటుంది. చెప్పింది ఊళ్లోకి మోసుకుపోదు. అన్నిటికంటే, మనకు చెప్పడం లేదు కదా అని పక్కవాళ్లు కాస్త నిదానంగా వింటారు. కాకపోతే ఒకటి, దాన్ని చూసి జడిసే జనం మధ్య కూర్చోబెడితే అదే కుక్క ప్రాణం తీస్తుంది. నాది తీసినంత పని చేసింది.

ఇంటికి వచ్చాక అంతా చక్కబడిందా? ఎక్కడిది! మా అత్త బిడ్డను తాకేది కాదు. నీళ్లకు మాత్రం తానే పోయేది, నన్ను పోనిచ్చేది కాదు. అందులో కూడా ఏదో ఉందేమోనని నాకు అనుమానం. బిడ్డను కడుపుకు కట్టుకోవడం మానలేదు. ఆమె ఏదన్నా చెప్పాలంటే బిడ్డకే చెప్పేది, "మీయమ్మను ఇంత తినమను" అని. నేనూ బిడ్డకే బదులు చెప్పేదాన్ని. పాపం ఆ పిల్లకు మా ఇద్దరి రాయబారంతోనే సరిపోయేది.

ఎండలు ముదిరాయి. నేను దేనికి భయపడుతూ వచ్చానో అదే వచ్చింది. బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. పొద్దున మొదలై మధ్యాహ్నానికి కళ్లు లోపలికి పోయాయి, మాడు గుంట పడింది, ఏడిస్తే కన్నీళ్లు లేవు. పాలు పట్టితే మింగడం లేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు చేరారు. "చూస్తా కూచుంటారేందిమే, కొడవలి మొన కాల్చండి" అని ఒకామె పొయ్యిలో కొడవలి పెట్టింది. వద్దు అనాలి నేను. నోరు రాలేదు. ఇన్నాళ్లూ కాపలా కాసిన దాన్ని, ఆ పూట కొడవలి ఎర్రబడటం చూస్తూ కూర్చున్నాను.

అప్పుడే మా అత్త నీళ్ల బిందెతో వాకిట్లోకి వచ్చింది. బిడ్డను చూసింది, పొయ్యిని చూసింది. బిందె విసిరేసి ఒక్క అంగలో వచ్చి నా ఒళ్లోంచి బిడ్డను లాక్కుంది. అయిపోయిందనుకున్నాను. అప్పుడు వచ్చింది నాకు నోరు. ఇక్కడ రాయలేని తిట్లు తిట్టాను. ఆమె పొయ్యి వైపు పోలేదు. వాకిలి దాటి, దిబ్బ దాటి, చేలకు అడ్డంపడి పరిగెత్తుతోంది. ఎక్కడికి పోతోందో నాకు అర్థం కాలేదు. వెనకే పరిగెత్తి, రోడ్డు దగ్గర అందుకొని, జుట్టు పట్టుకొని లాగాను. ముడి ఊడి నా చేతికి వచ్చింది.

"నా జుట్టు మళ్లా పీకుదువు గానీ!" అని అరిచింది. అది ఆమె నేరుగా నాతో అన్న మాట, ఎన్ని నెలలకో. "కదిరి బస్సు వచ్చే యాళయింది. పట్టుకో నీ బిడ్డను, నేను బస్సు నిలబెడతా!"

బిడ్డను నా చేతుల్లో పడేసి, జుట్టు విరబోసుకునే పోయి రోడ్డు నడిమధ్య నిలబడింది. బస్సు దుమ్ము రేపుకుంటూ వచ్చింది. డ్రైవరు హారన్ మీద హారన్ కొట్టాడు. ఆమె కదల్లేదు. బంపరు ఆమె నుంచి జానెడు దూరంలో ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి బూతులు తిట్టాడు. ఆమె రెండు చేతులూ జోడించి దండం పెట్టింది గానీ, నేను ఎక్కేదాకా దారి వదల్లేదు. నా వెనకే తానూ ఎక్కింది.

కదిరి ఆస్పత్రిలో డాక్టరు బిడ్డ తొడలో సూది పెట్టి సెలైను ఎక్కించాడు. తొడ బూరెలా ఉబ్బింది. "ఒంట్లో నీళ్లన్నీ పోయాయమ్మా. ఎక్కిస్తున్నాం. ఉచ్చ పోసిందంటే గండం గడిచినట్టే, చూస్తూ ఉండండి," అని ఇంకో మంచం దగ్గరికి పోయాడు. మేమిద్దరం బల్ల మీద కూర్చుని, నా ఒళ్లో బిడ్డ కింద వేసిన గుడ్డనే చూస్తున్నాం. వేలు పెట్టి తడిమి చూసేదాన్ని. పొడిగానే ఉండేది. ఆమె తడిమేది. పొడిగానే ఉండేది. నా చేతులు బరువెక్కి, పట్టు జారిపోతోందని తెలుస్తోంది. పడేస్తానేమోనని భయం వేసింది. బిడ్డను తీసి మా అత్త ఒళ్లో పెట్టాను. ఆమె ఒళ్లంతా బిగుసుకుపోయింది. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు గాల్లోనే ఉంచింది. నేనే వాటిని పట్టుకొని బిడ్డ కింద పెట్టాను. పెట్టి, వదలకుండా అలాగే పట్టుకొని కూర్చున్నాను.

ఎంతసేపు గడిచిందో తెలియదు. ఉన్నట్టుండి మా అత్త మొహం మారిపోయింది. కదలకుండా, ఊపిరి కూడా పీల్చకుండా, తన చీర వైపు చూసుకుంది. తొడ మీద ఒక తడిమచ్చ, మెల్లగా పెద్దదవుతోంది.

"పోసింది మే!" అని ఆస్పత్రి అదిరేట్టు కేక పెట్టింది. "ఓ డాక్టరయ్యా, రా సామీ, వచ్చి చూడు! నా ఒళ్లో ఉచ్చ పోసింది! పొయ్యి తల్లీ, పొయ్యి, ఇంగా పొయ్యి!"